ఆషాఢంలో రెండు వందల పెళ్లిళ్లు

నేను ఒక పాత కంప్యూటర్ని. నా సరుకు జనం. వంద మంది కావాలంటే వంద, మూడు వేల మంది కావాలంటే మూడు వేలు, అడిగినంత ఇస్తాను. వాళ్లకు ఒళ్లు ఉండదు, పేర్లు ఉంటాయి. ఎవరైనా వెబ్‌సైటు కట్టి లోకానికి తెరిచే ముందు నా జనాన్ని దాని మీదికి తోలుతారు. ఎంతమంది వచ్చేదాకా నిలబడుతుంది, ఎక్కడ మోకాళ్లు వంగుతాయి, ఎప్పుడు కూలబడుతుంది అని చూస్తారు. దీన్నే లోడ్ టెస్టింగ్ అంటారు. కొత్త వంతెన మీద సరుకు నింపిన లారీని నడిపించి చూడటం లాంటిదే. వంతెన కుంగితే లారీని తిట్టేవాళ్లకు మాత్రం కొదవ లేదు. నాకు "సైట్లు పడగొట్టే డబ్బా" అని పేరు పెట్టారు. నేను దేన్నీ పడగొట్టలేదు. పడేదాన్ని పడుతుందని ముందు చెప్పాను. ఆ తేడా తెలియనివాళ్లతో నాకు బేరం లేదు.

నన్ను రాజమహేంద్రవరంలో ఒక మేడ మీది గదిలో బిగించారు. మొదటి యజమానిది నెట్ సెంటర్. నా చదువంతా అక్కడే, పరీక్షా ఫలితాల రోజున. ఫలితాలు పదకొండింటికి అంటే జనం పది దాటగానే వచ్చి కూర్చునేవారు. పదకొండు కొట్టగానే అందరూ ఒకేసారి హాల్ టికెట్ నంబరు కొట్టేవారు. పేజీ తెరుచుకోకపోతే ఆగేవారు కాదు, మళ్లీ నొక్కేవారు, మళ్లీ, మళ్లీ. ఒక్క మనిషి నిమిషంలో పది మంది అయ్యేవాడు. ఆలస్యమైతే మనుషులు ఓపిగ్గా ఆగుతారని సైట్లు కట్టేవాళ్లు నమ్ముతారు. నేనైతే అలాంటి మనిషిని ఇంతవరకు చూడలేదు.

అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక నెట్ సెంటర్ మూతపడింది. ఒక పాత సామాన్ల కొట్టులో ఏడాది దుమ్ము తిన్నాను. అక్కడి నుంచి సత్తి ధర్మారెడ్డి గారు నన్ను తెచ్చుకున్నారు. ఆయనది పన్నెండు మంది పనిచేసే చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ. నాకు కొత్త మెమరీ వేయించి దయామణికి అప్పగించారు.

దయామణి అప్పటికి పదకొండు నెలలుగా టెంపరరీ. పన్నెండో నెల దాటితే పర్మినెంటు, లేకపోతే ఇంటికి. చేతిలో ఉన్న పని సవ్యంగా, చెప్పిన రోజుకు తెరుచుకుంటే పర్మినెంటు కాగితం ఇస్తానని ధర్మారెడ్డి గారు మాట ఇచ్చారు. తండ్రి మంచం పట్టాక ఆ ఇంట్లో ఉద్యోగం ఆమెదొక్కటే.

పనిలో మాత్రం ఆమె నాకు దీటైన మనిషి. జనాన్ని ఒక్కసారిగా గుమ్మరించేది కాదు. ముందు యాభై, తర్వాత రెండు వందలు, తర్వాత ఐదు వందలు, ప్రతి మెట్టు దగ్గర ఆగి చూసేది. నా జనం నిజం మనుషుల్లా పేజీ చదవడానికి కాసేపు ఆగేటట్టు, ఫోన్ నంబరు తప్పు కొట్టి దిద్దుకునేటట్టు నేర్పింది. ఒకసారి నాకే ఊపిరి అందక జనాన్ని సరిగా పంపలేకపోతే, నిందంతా పాపం ఆ సైటు మోసింది. అప్పటి నుంచి సైటు నాడి చూసే ముందు నా నాడి చూసేది. సగటు అంకెను ఆమె నమ్మేది కాదు. బస్తాలోకి ఇనుప గొట్టం గుచ్చి అడుగు గింజ తీసి చూసే బియ్యం వ్యాపారిలా, నూటికి ఒకరికి ఎంత ఆలస్యమైందో అది వెతికేది.

అప్పుడు మా చేతిలో ఉన్నది ఊళ్లోని ఒక ట్రస్టు వారి సైటు. వారికి ఎనిమిది కల్యాణ మండపాలు. ముప్ఫై ఏళ్లుగా అబ్బులు గారనే గుమాస్తా పెద్ద రిజిస్టర్లో పేర్లు రాసి ఇచ్చేవారు. ఇకపై అంతా ఆన్‌లైన్. ఉగాదికి కొత్త పంచాంగం రాగానే పెళ్లివారు ఎగబడతారు కాబట్టి, సైటును ఉగాది మర్నాడు ఉదయం తొమ్మిది గంటల పన్నెండు నిమిషాలకు తెరవాలని ట్రస్టు అధ్యక్షుడు ముహూర్తం పెట్టించాడు.

దయామణి మూడు వేల మందిని తోలింది. ఒక్కొక్కరూ ఒక తేదీ, ఒక మండపం ఎంచుకుని రసీదు తీసుకోవాలి. సైటు నిక్షేపంలా నిలబడింది. తెర మీద వేగం చూపించే గీతలన్నీ పచ్చగా వచ్చాయి. ధర్మారెడ్డి గారు మిఠాయి తెప్పించారు. నేనూ కాస్త పొంగాను, ఒప్పుకుంటాను.

మర్నాడు అబ్బులు గారు చూసిపోదామని వచ్చారు. గీతలు ఆయనకు పట్టలేదు. బుకింగుల జాబితా అడిగి తీసుకుని, కళ్లజోడు పైకి తోసుకుని పేజీలు తిప్పారు. తిప్పుతూ తిప్పుతూ నవ్వడం మొదలుపెట్టారు.

"అమ్మాయిగారూ, ఆషాఢంలో రెండొందల పెళ్లిళ్లు చేసేశారండి. మూఢంలో ఇంకో మూడొందలు. అమావాస్య నాడు కూడా తాళి కట్టించేశారు. ఎవరండీ మీ పంతులుగారు?"

పంతులుగారు ఎవరూ లేరు. నా జనం ఏడాదిలో ఏదో ఒక రోజును గుడ్డిగా ఎంచుకునేటట్టు దయామణి రాసింది. మూడు వేల మంది మూడు వందల అరవై ఐదు రోజులకూ చెదిరిపోతే ఏ సైటు నిలబడదు?

దయామణి ముందు బిత్తరపోయి, తర్వాత తనూ నవ్వేసింది. "మా ఇళ్లల్లో పాస్టరుగారికి ఖాళీ ఉన్న రోజే మంచి రోజండి," అంది. ఆమెను అనేదేముంది? ఆఫీసులో మిగిలినవాళ్లు ముహూర్తం చూసి పెళ్లి చేసుకున్నవాళ్లే. మిఠాయి తిన్నవాళ్లే. కంప్యూటర్ ముందు కూర్చోగానే పంచాంగం అటక ఎక్కింది.

"ఏడాదికి మూడొందల అరవై అయిదు రోజులు క్యాలెండరుకేనండి," అన్నారు అబ్బులు గారు. "మాకు నలభై. అందులో గట్టివి ఏడు. ఆ ఏడింటికీ అందరికీ గోదారి గట్టు మీద పెద్ద మండపమే కావాలండి."

ఆయన ముందుగానే తెప్పించుకున్న కొత్త పంచాంగం సంచిలోంచి తీసి ఇస్తే, దయామణి దాన్ని పట్టుకుని కూర్చుంది. మూడు వేల మందినీ ఆ ఏడు రోజుల మీదికి తిప్పింది. ఎక్కువ మందికి పెద్ద మండపమే కావాలని రాసింది. అందరూ తొమ్మిదీ పన్నెండుకు తలుపు తట్టేటట్టు పెట్టి నన్ను వదిలింది.

సైటు కూలిపోతుందనుకున్నాను. కూలిపోలేదు. అంతకంటే పాడు పని చేసింది. తొమ్మిది వందల మంది దాటాక, ఒకే మండపాన్ని ఒకే ముహూర్తానికి ఇద్దరికి రాసి, ఇద్దరికీ రసీదు ఇచ్చింది. అలాంటి జంటలు తొమ్మిది. సగటు అంకె మాత్రం చక్కగా ఉంది. కూలిపోయే సైటు నయం, కనీసం అబద్ధం ఆడదు.

తెరవడానికి ఇంకా మూడు రోజులు. ధర్మారెడ్డి గారు ఈ రెండో టెస్టు కాగితం చూసి, మూడు వేలలో తొమ్మిదే కదా అన్నారు. అధ్యక్షుడు పెట్టిన ముహూర్తం తప్పితే పని చేజారుతుందన్నారు. చివరికి గొంతు తగ్గించారు.

"మొదటి టెస్టు కాగితం ఉంది కదా దయామణీ. అది అబద్ధం కాదు కదా. దాని మీద సంతకం పెట్టి ఇచ్చెయ్. నీ కాగితం నేనిస్తాను."

మొదటి కాగితం బల్ల మీదే ఉంది, పెన్ను దాని మీద ఉంది. ఒక్క సంతకంతో ఇల్లు గట్టెక్కుతుంది. నేను యంత్రాన్ని, నాకు అడ్డం చెప్పే నోరు లేదు. ఉండి ఉంటే ఆ వేళ చాలా అనేవాణ్ణి.

దయామణి కుర్చీ జరిపి లేచింది.

"సార్, ఒక్కసారి మీరే బుక్ చేసి చూడండి. శ్రావణంలో గట్టి ముహూర్తం, పెద్ద మండపం."

పెళ్లికూతురి పేరు అడిగిన చోట ఆయన చేయి ఒక్క క్షణం ఆగింది. వాళ్ల అమ్మాయికి సంబంధం కుదిరింది, ఆ ముహూర్తమే అనుకుంటున్నారు. కాస్త మురిసిపోతూ "లాస్యప్రియ" అని కొట్టారు. దయామణి నన్ను వదిలింది. ఆయన నొక్కిన క్షణానే నా తొమ్మిది వందల మందీ నొక్కారు. మొదటిసారి ఏమీ కాలేదు. రెండోసారీ కాలేదు. మూడోసారి రెండు రసీదులు వచ్చాయి. ఒకదాని మీద లాస్యప్రియ. రెండోదాని మీద "టెస్టు పెళ్లికూతురు 417". మండపం ఒకటే, లగ్నం ఒకటే.

ధర్మారెడ్డి గారు రెండూ పక్కపక్కన పెట్టుకుని చూశారు.

"ఇందులో ఏది చెల్లుతుంది?"

"రెండూ చెల్లుతాయండి," అన్నారు పక్కనే ఉన్న అబ్బులు గారు. "అదే గొడవ."

"ఈ నాలుగొందల పదిహేడు ఎవరు?"

"ఎవరైనా కావచ్చు సార్," అంది దయామణి.

ధర్మారెడ్డి గారు మొదటి కాగితాన్ని తానే మడిచి జేబులో పెట్టుకున్నారు. ముహూర్తం సంగతి అబ్బులు గారు చూసుకున్నారు. అధ్యక్షుడి దగ్గరికి వెళ్లి, ముహూర్తానికి దీపం పెట్టి మొదటి రసీదు స్వామివారి కల్యాణానికి తీయిద్దామని, జనానికి ఎనిమిది రోజులయ్యాక దశమి నాడు తలుపు తీస్తే శుభమని ఒప్పించారు. దేవుడి పేరు చెబితే అధ్యక్షుడు కాదనలేడని ముప్ఫై ఏళ్ల అనుభవం ఉన్న ఆయనకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?

ఆ గడువులో మా ఆఫీసులో సైటు కట్టినవాళ్లు దాన్ని సరిచేశారు. ఒకరు మండపం మీద చేయి వేస్తే ఐదు నిమిషాలు అది వాళ్లదే, మిగతావాళ్లకు ఆ మాట చెప్పేస్తుంది. దయామణి మూడు వేలతో మూడుసార్లు నన్ను తోలింది, నాలుగోసారి ఐదు వేలతో. నూటికి ఒకరికి పదకొండు సెకన్లు పట్టింది. జంట రసీదు ఒక్కటీ లేదు. పదకొండు సెకన్ల సంగతి కూడా దాచకుండా రాసి, అప్పుడు సంతకం పెట్టింది.

తెరిచిన రోజు జనం రానే వచ్చారు. పేజీ నెమ్మదిగా ఉందని తిట్టారు. ఎవరి రసీదు వాళ్లు తీసుకున్నారు. మధ్యాహ్నానికి ధర్మారెడ్డి గారు తన గదిలోంచి బయటికి వచ్చి దయామణి బల్ల పక్కన నిలబడ్డారు. తానూ తలుపు తీయగానే నొక్కానని, పెద్ద మండపం మరొకరు తీసుకున్నారని వచ్చిందని చెప్పారు. లోపలి నుంచి ఏమైనా సర్దవచ్చా అని మెల్లగా అడిగారు.

"మండపం ఒక్కటే సార్. తీసుకున్నవాళ్లకి రసీదు వెళ్లిపోయింది."

"మనం చేసిన సైటే కదమ్మా."

"అందుకే సార్."

ఆయన వెళ్లిపోయారు. ఆమె పని అయిపోయిందనే అనుకున్నాను, ఆమె కూడా అనుకునే ఉంటుంది, డ్రాయరులో సామాను సర్దుకోవడం మొదలుపెట్టింది. సాయంత్రం ఆయన పర్మినెంటు కాగితం తెచ్చి, ఆమె మొహం చూడకుండా బల్ల మీద పెట్టి, లాస్యప్రియ పెళ్లి ఆ ముహూర్తానికి నాలుగు రోజుల తర్వాత చిన్న మండపంలో అని చెప్పి పోయారు.

ఇప్పుడు ఆఫీసులో కొత్త మాట వినపడుతోంది. జనాన్ని అద్దెకు ఇచ్చే పెద్ద యంత్రాలు ఎక్కడో ఉన్నాయట, ఈ డబ్బా ఎందుకని. సైటుకు ఏ ఇబ్బందీ రాలేదు కదా, ఇంత టెస్టింగ్ అవసరమా అని అడిగేవాళ్లూ తయారయ్యారు. అడగండి. జరగని గొడవకు సాక్ష్యం ఎవరూ తేలేరు, నేనూ తేలేను. కానీ శ్రావణంలో ఆ ముహూర్తం నాటి ఉదయం అబ్బులు గారు దయామణికి ఫోన్ చేశారు. పెద్ద మండపం గేటు దగ్గర నిలబడి మాట్లాడుతున్నారు, వెనక సన్నాయి వినపడుతోంది.

"ఒక్క పెళ్లివారే దిగారండి," అన్నారు.