ఒనిసే వేసిన సున్నం

నేను ఒక సున్నపు పూతను. గోడకు పట్టుకోవడం నా పని. ఆ పని సరిగా చేయకూడదనే నన్ను పూశారు.

జార్జియా దేశంలో, కాకసస్ కొండల్లోని ఒక పల్లెలో చిన్న రాతి చర్చి ఉంది. లోపలి గోడ మీద ఎనిమిది వందల ఏళ్ళనాటి రంగుల బొమ్మ. చర్చి కట్టించిన దొరసాని, ఆ చర్చినే బొమ్మరిల్లంత చేసి రెండు చేతులా దేవుడికి అందిస్తూ ఉంటుంది. కట్టించినవాళ్ళను అలా గీయడం అక్కడి ఆచారం.

దేవుడు లేడని సర్కారు కాగితం మీద సంతకం చేసి పంపిన రోజులు వచ్చాయి. చర్చి ధాన్యం గోదాము కావాలి, బొమ్మల మీద సున్నం పడాలి. వచ్చిన అధికారికి పని తెలుసు, అదే మా ఖర్మ. నున్నటి గోడకు సున్నం పట్టదు కాబట్టి ముందు బొమ్మంతా ఉలితో గాట్లు పెట్టమన్నాడు.

సున్నం పనిలో ఆ చుట్టుపక్కల ఒనిసేను మించినవాడు లేడు. "నా సున్నానికి గాట్లు అక్కర్లేదయ్యా. రాలితే నన్నడగండి," అన్నాడు.

అధికారి వెళ్ళాక ఆయన దొరసాని ముఖానికి పలచగా మట్టినీళ్ళు పూశాడు. మట్టి మీద వేసిన సున్నం నిలవదని ఆ వృత్తిలో అందరికీ తెలుసు. అది ఆరాక, గట్టిగా అదమకుండా ఎడమచేత్తో నన్ను పూశాడు. నేను తొందరగా రాలితే ఆయన ప్రాణానికి ముప్పు, ఎప్పటికీ రాలకపోతే ఆమె ముఖం పోయినట్టే. ఏటా వసంతంలో వచ్చి, పెచ్చులూడినచోట అతుకు వేసి వెళ్ళేవాడు.

దేవుడికి సున్నం కొట్టినవాడని ఊరు ఆయనతో మాట మానేసింది. కూతురు నుత్సా పెద్దదయ్యాక తండ్రితో కలిసి భోజనానికి కూర్చోలేదు. నోరు జారితే ఉలి వస్తుందని ఆయన ఎవరికీ చెప్పలేదు, కూతురికి కూడా. అలాగే పోయాడు. నాకు బాధగా ఉండేది, కానీ దాచడానికి పుట్టినదాన్ని, ఏం చెప్పను?

ధాన్యం పోయింది, ఆ అధికారులూ పోయారు. చివరికి బొమ్మలు బాగుచేసే తమ్తా అనే అమ్మాయి రాజధాని తిబిలిసి నుంచి వచ్చింది. "ఏ మూర్ఖుడు వేశాడో ఈ సున్నం," అని విసుక్కుంటూ కత్తి పట్టింది.

పనివాళ్ళకు రొట్టెలు తెచ్చిన నుత్సా తల దించుకుంది. ఆమెకు అప్పటికి ఎనభై దగ్గరపడ్డాయి. "మా నాన్న," అంది.

కత్తి తగలగానే నేను ఉల్లిపొరలా ఊడి వచ్చాను. తమ్తా వెనకనున్న మట్టిని వేలితో రుద్ది చూసింది. కత్తి కింద పెట్టింది.

"బామ్మా, నన్ను క్షమించు. ఇది తెలిసి చేసిన పని. ఉలి పడకుండా సున్నం వేశాడు, సున్నం పట్టకుండా మట్టి పూశాడు. ముఖం మీద ఒక్క గాటు లేదు."

అందరూ దొరసానిని చూడడానికి గోడ దగ్గర మూగారు. నుత్సా మాత్రం వంగి, కింద రేకుతొట్టిలో ఉన్న నన్ను తలగుడ్డలోకి ఎత్తుకుంది. కొండవాలులో ఉన్న శ్మశానానికి నడిచింది. ఆయన సమాధి ఎక్కడో వెతుక్కోవలసి వచ్చింది. గడ్డి పీకి, నన్ను అక్కడ పోసి, కొవ్వొత్తి వెలిగించి కూర్చుంది.

"నాన్నా, సున్నం ఊడిపోయింది," అని చెప్పింది.