పొట్టి చొక్కా పురుగు

"పేడలో వేలు పెట్టేవాడికి పేరెట్లా వస్తుందిరా?" అని అహోబిలంలో కృష్ణస్వామయ్య భోజనాల పంక్తిలో అందరి ముందూ అడిగేశాడు. అడిగింది సొంత కొడుకునే. తరతరాలుగా నరసింహస్వామికి అర్చన చేస్తున్న వంశం వాళ్లది. ఆ వంశంలో పుట్టి, ఎంఎస్సీ చదివి, నంద్యాల కాలేజీలో జంతుశాస్త్రం చెబుతూ, సెలవొస్తే చాలు డబ్బా పట్టుకుని గేదెల వెనక తిరిగే కొడుకును చూస్తే ఏ తండ్రికి మాత్రం కడుపు మండదు? కొడుకు వరదరాజులుకు రోషం తన్నుకొచ్చింది. "ఒక పురుగుకన్నా నా పేరు పెట్టించుకోని వస్తా నాయనా. అందాకా ఈ గడప తొక్కను" అని విస్తరి ముందు నుంచి లేచిపోయాడు. పాయసం ఇంకా వడ్డించనే లేదు. అంత మూర్ఖుడు.

మూడేళ్లు గడిచాయి. ఉత్సవాలకు భార్య సుభద్ర ఒక్కతే అత్తగారింటికి వెళ్లొచ్చేది. వెళ్లిన ప్రతిసారీ మామగారు ముఖం పక్కకు తిప్పుకుని, "పేరు వచ్చిందా వానికి?" అని అడిగేవాడు. ఆమె ఏమని చెబుతుంది పాపం!

డెబ్బై తొమ్మిదిలో, వానలు తెరిపిచ్చాక, నల్లమల అంచున గేదె పేడలో వరదరాజులుకు ఒక పురుగు దొరికింది. వేలి గోరంత ఉంది. ఒళ్లంతా నెమలి మెడ రంగులో తళతళలాడుతోంది. ముట్టుకోబోతే తోక పైకెత్తి తేలులాగా బెదిరించింది. రెక్కల మీది డొప్పలు మాత్రం నడుం దాకా కూడా లేవు. పొట్టంతా బయటే.

"ఇదేందండీ, చిన్నప్పటి చొక్కా ఏసుకున్నట్టుంది?" అంది సుభద్ర.

ఆ కురచ డొప్పల కుటుంబాన్ని గుర్తుపట్టే పుస్తకమొకటి ఆయన హైదరాబాదు నుంచి అరువు తెచ్చుకున్నాడు. డొప్పలు పొట్టిగా ఉన్నాయా, అయితే పన్నెండో అంకెకు పో. మీసంలో కణుపులెన్ని, పదకొండైతే ముప్పయ్యో అంకెకు పో. ఇలా దారి చూపిస్తుంది ఆ పుస్తకం. వరదరాజులు భూతద్దం పెట్టి కణుపులు లెక్కపెడితే పొద్దున పది వచ్చాయి, సాయంత్రం పన్నెండు వచ్చాయి. సుభద్ర చేట పక్కన పెట్టి వచ్చి ఒకసారి చూసి, "పదకొండు" అని మళ్లీ బియ్యంలో రాళ్లు ఏరుకోవడానికి వెళ్లిపోయింది. అలా అంకె నుంచి అంకెకు తిరిగి తిరిగి, చివరికి ఈ రంగుది, ఈ కొలతలది పుస్తకంలో లేనే లేదని తేలింది.

ఇంకేముంది! కొత్త జాతి! కొత్త జాతిని లోకానికి చెప్పినవాడి పేరు పురుగు పేరు పక్కన శాశ్వతంగా ఉండిపోతుంది. స్టాఫ్ రూములో చెప్పాడు, టీ కొట్టు మౌలాలికి చెప్పాడు, బస్సులో పక్క సీటువాడికి చెప్పాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది ఆయన సంబరం.

ఇలాంటి పురుగుల సంగతి తేల్చే పండితుడొకాయన కలకత్తాలో ఉన్నాడు. పురుగునూ, దాని బొమ్మనూ పంపితే చూస్తానని రాశాడు. వరదరాజులు స్వయంగా బొమ్మ గీశాడు. అది వంకాయలా వచ్చింది. అందుకని ఎండబెట్టిన పురుగును అగ్గిపెట్టెలో పెట్టుకుని ఆళ్లగడ్డ బస్సెక్కాడు. దేవుళ్లను చెక్కే కంబగిరి ఆచారి ఉండేది అక్కడే.

"ఏంది సామీ ఇది, ఈగా?" అన్నాడు ఆచారి, దారంతో కట్టిన కళ్లజోడు సర్దుకుంటూ.

"పురుగు ఆచారీ. దీని బొమ్మ దించాల. ఉన్నదున్నట్టు దించాల. వెంట్రుకవాసి తేడా రాకూడదు."

ఆచారి పురుగును అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆయన మొహంలో జాలి కనిపించింది. "నా చేతిలో పడిందిగదా, ఇంగ దానికేం లోటు రాదులే. శుక్రవారం రా."

ఆ మాటకే వరదరాజులు ఉలిక్కిపడాల్సింది. కానీ అవతల బస్సు హారన్ కొడుతోంది.

శుక్రవారం వెళ్లేసరికి అగ్గిపెట్టెకు పసుపు గుడ్డ చుట్టి, దారంతో బిగించి పెట్టాడు ఆచారి. బొమ్మకూ అదే ముసుగు. "ప్రతిష్ఠ జరిగే తావుకు పోయినాకనే ఇప్పాల సామీ. నడాన ఇప్పితే కళ పోతాది."

ఇంకో శాస్త్రవేత్త అయితే అక్కడికక్కడే బ్లేడుతో దారం కోసి చూసేవాడు. వరదరాజులు ఎంత చదివినా కృష్ణస్వామయ్య కొడుకు. కొత్త విగ్రహానికి కళ్లు తెరిచేదాకా ముసుగు తీయకూడదని ఉగ్గుపాలతో నేర్చుకున్నవాడు. అగ్గిపెట్టెను రెండు కళ్లకూ అద్దుకుని, ఒళ్లో పెట్టుకుని నంద్యాల తెచ్చాడు.

"ఒక్కసారి ఇప్పి చూసుకోరాదా?" అంది సుభద్ర.

"కళ పోతుంది" అన్నాడు జంతుశాస్త్ర లెక్చరరు. అని రిజిస్టరు పోస్టులో పంపేశాడు.

నెలన్నరకు కాలేజీ చిరునామాకు జవాబు వచ్చింది. "అయ్యా, మీ పురుగు ఒళ్లు ఒక కుటుంబానిది, రెక్కల డొప్పలు ఇంకో కుటుంబానివి, మధ్యలో ఉన్నది లక్క. బొమ్మలో దాని కళ్లు తామర రేకుల్లా ఉన్నాయి. ఇలాంటి వేళాకోళాలకు నాకు తీరిక లేదు." వరదరాజులు ఉత్తరాన్ని మూడుసార్లు చదివాడు. అప్పటికే స్టాఫ్ రూమంతా ఒకసారి చదివేసింది. సాయంత్రానికి ఆయన పేరు అతుకుల సారు అయిపోయింది. సిగ్గుతో చచ్చిపోయాడు మనిషి. మర్నాడు మొదటి బస్సుకే ఆళ్లగడ్డలో దిగాడు.

"నా పురుగును ఏం చేసినావయ్యా?"

"ఏం జేస్తి సామీ? రెక్కలు సగానికి ఇరిగిపోయిండె. ఇరిగిన రూపం మా వాకిలి దాటి పోకూడదు. మా కోడలు బొట్టుకని దాచుకున్న పచ్చ పురుగు రెక్కలు తెచ్చి, అరగదీసి, లక్కతో అతికిస్తి." ఆచారి కొంచెం ముందుకు వంగాడు. "అతుకు కనపడిందా ఆయప్పకు?"

"కనపడింది!"

"యాడ?"

"భూతద్దంలో!"

"భూతద్దమేసి సూస్తే ఎవురి అతుకైనా కనపడతాది."

"అవి ఇరగలేదయ్యా! పుట్టుకతోనే పొట్టి!" అని వరదరాజులు అరిచిన అరుపుకు పక్కన ఉలి పట్టుకున్న పనివాళ్లు ఆగిపోయారు. "పేడలో దూరి ఈగపిల్లల్ని తినాలంటే నడుం వంగాల. పొడుగు డొప్పలుంటే వంగదు. ఎగిరే రెక్కలు ఆ పొట్టి డొప్పల కిందనే మడిచి పెట్టుకుంటుంది."

ఆచారి కూలబడ్డాడు. "అంటే ఆ బ్రహ్మ పెట్టిన కొలతను తప్పని నేను దిద్దినానా?" అని చెంపలు వాయించుకున్నాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. వరదరాజులు కోపం సగం అక్కడే చల్లారిపోయింది.

ఇంకో పురుగు దొరికేదాకా ఉలి ముట్టనని ఒట్టేశాడు ఆచారి. ఒట్లకేం కొదవ, ఇద్దరూ ఇద్దరే! నాలుగు రోజులు ఊరి బయటి బీడులో ఇద్దరూ పేడ కుప్పల ముందు గొంతుకూర్చున్నారు. గేదెలు తోలుకొచ్చిన జయమ్మ చూసి చూసి ఉండబట్టలేక అడిగింది.

"ఏం ఎతుకుతాండారప్పా?"

"పురుగు."

"దొరికితే ఏం జేస్తారు?"

"కలకత్తాకు పంపిస్తాం."

జయమ్మ గేదెల్ని అదిలించుకుంటూ ఇంకో దిక్కుకు పోయింది. దాంతో వీళ్లు కుప్పల కోసం ఆమె వెనకాల పడాల్సి వచ్చింది. ఐదో రోజు ఆచారి కంటికే మూడు పురుగులు చిక్కాయి. ఈసారి ఉన్నదున్నట్టు గీశాడు. పొట్టి డొప్పలు పొట్టిగానే ఉన్నాయి, కళ్లు పురుగు కళ్లలానే ఉన్నాయి. పసుపు గుడ్డ లేదు. సుభద్ర మూడుసార్లు విప్పి చూసి, మీసాల కణుపులు లెక్కపెట్టాకే పోస్టుకు ఇచ్చింది.

రెండో ఉత్తరం మర్యాదగా వచ్చింది. ఈసారి పురుగు నిఖార్సైనదే. కానీ కొత్తది కాదు. తొంభై ఏళ్ల కిందటే ఎవరో దొర బర్మాలో పట్టి పేరు పెట్టేశాడు. మీ పుస్తకం రాసినాయన దాన్ని ఎక్కించలేదు అని రాశాడు పండితుడు. వరదరాజులు ఉత్తరం కింద పెట్టి గోడకు చేరగిలబడ్డాడు. మూడేళ్ల ఆశ, ఐదు రోజుల పేడ, అంతా బూడిదలో పోసిన పన్నీరు.

"ఇంకా ఉందండీ" అని సుభద్ర కింద మిగిలిన నాలుగు వరుసలు చదివింది. "బొమ్మ అద్భుతంగా ఉంది. ఆ చిత్రకారుడు మాకు కూడా గీస్తాడేమో కనుక్కోగలరు. మీ మొదటి పురుగును మేం పారేయలేదు. కొత్తగా చేరే విద్యార్థులకు ఇదేమిటో చెప్పమని పరీక్ష పెడుతున్నాం. ఇప్పటికి నలుగురు తప్పారు. పెట్టె మీద ఏదో ఒక పేరుండాలి కనుక వరదరాజులు పురుగు అని చీటీ అంటించాం."

సంగతి తెలిసి ఆచారి ఆళ్లగడ్డంతా తిరిగి చెప్పుకున్నాడు. "నా అతుకు నలుగురు సదువుకున్నోళ్లకు కనపడలే!"

సుభద్ర నవ్వి నవ్వి కొంగుతో కళ్లు తుడుచుకుంది. "పేరు పెట్టించుకున్నారుగదా. ఇంగ పదండి ఊరికి."

"ఏ మొహం పెట్టుకోని పోయేది?"

"ఉన్న మొహమే."

అహోబిలంలో కృష్ణస్వామయ్య అరుగు మీద కూర్చుని తులసి మాల కడుతున్నాడు. కొడుకు గడప ఇవతలే ఆగిపోయాడు. మూడేళ్లలో తండ్రి బాగా చిక్కిపోయాడు.

"పెట్టినారా పేరు?" అన్నాడు తండ్రి, మాల మీద నుంచి తల ఎత్తకుండా.

"పెట్టినారు నాయనా. కలకత్తాలో పెట్టెలో పెట్టి, దాని మీద రాసినారు."

"ఎట్లుంటుంది ఆ పురుగు?"

తండ్రితో అబద్ధమాడడం వరదరాజులుకు చేతకాదు. తల వంచుకుని, "సగం ఒక జాతి, సగం ఇంకో జాతి నాయనా. అదేందో తేల్చలేక చదువుకున్నోళ్లే తలలు పట్టుకుంటాండారు" అన్నాడు.

కృష్ణస్వామయ్య చేతిలో మాల ఆగింది. మెల్లగా లేచి, కండువా నడుముకు చుట్టుకుని, కొండవైపు తిరిగి రెండు చేతులూ ఎత్తి మొక్కాడు. "అటు అదీ కాదు, ఇటు ఇదీ కాదు! హిరణ్యకశిపుడు గూడా తేల్చుకోలేకనేగదరా చచ్చింది! మూడేళ్లు పేడలో నువ్వు ఎతికింది మన స్వామినేనా?"

లక్క సంగతి చెబుదామని వరదరాజులు నోరు తెరిచాడు. సుభద్ర ఆయన కాలు గట్టిగా తొక్కింది.

"లోపలికి రారా" అన్నాడు తండ్రి. కోడలి వైపు తిరిగి, "అమ్మా సుభద్రా, ఈసారి వానికి పాయసమే ముందు వడ్డించు" అన్నాడు.