ఒక ఫోనుకు ఒక్క మనిషే

కంటి ఆపరేషన్ల జాబితాలో తన పేరు లేదని చెప్పగానే అత్తగారు కంటాసుపత్రి కౌంటరు ముందున్న కుర్చీ లాక్కుని కూర్చుంది. బట్టలు కుట్టి బతికే మనిషి. కుడికన్ను మసకబారి చాన్నాళ్లయింది, ఎడమదీ అదే దారి పట్టింది. ఈ విడతలో ఆపరేషన్ కాకపోతే కుట్టుమిషను మూలపడ్డట్టే.

"డాక్టరుగారు దగ్గరుండి రాయించారు కదమ్మా! నా పేరేమైనా కాళ్లొచ్చి నడిచిపోయిందా?"

కంప్యూటరమ్మాయి తెర మీద వెతికింది. "జాబితా ఎక్కించినప్పుడు మీది డూప్లికేటని కంప్యూటరు వదిలేసింది పెద్దమ్మా. ఇదే ఫోను నంబరుతో ఇంకొకరున్నారు."

ఆ ఇంకొకరు పక్కనే నిలబడి ఉంది. కోడలు. పోయిన నెల కళ్లజోడు కోసం వచ్చి, ఇంట్లో ఉన్న ఒక్క ఫోను నంబరే ఇచ్చింది, పాపం.

అత్తగారు కోడల్ని ఎగాదిగా చూసింది. "నేనూ ఇదీ ఒకటేనా? కూరలో ఉప్పు దగ్గర కూడా మాకు కుదరదే! మీ మిషను మమ్మల్నెలా కలిపేసింది?"

కోడలికి నవ్వాగలేదు. "అత్తయ్యా, కాస్త నెమ్మదిగా..."

"నెమ్మదేంటే! బతికున్నదాన్ని చెరిపేస్తే నెమ్మదిగా ఊరుకోవాలా?"

కంప్యూటరమ్మాయి కావాలని చేసింది కాదు. ఇదివరకు జాబితా ఎక్కించిన ప్రతిసారీ పాతవాళ్లు మళ్లీ చేరిపోయి, ఒకే మనిషికి రెండు తేదీలు పడేవి. డాక్టరు చేత చివాట్లు తిన్నాక, నంబరు ముందే ఉంటే కొత్తగా చేర్చొద్దని ఈ అమ్మాయే కంప్యూటరుకు నేర్పింది. ఒక ఫోనును ఇంటిల్లిపాదీ వాడుకుంటారన్న సంగతి తట్టలేదు. చేతిలో సొంత ఫోనున్న వాళ్లకు ఎందుకు తడుతుంది?

"పోనీ వేరే నంబరేదైనా చెప్పండి, పక్కింటివాళ్లదైనా సరే. ఇప్పుడే ఎక్కించేస్తాను."

"చెప్పను." అత్తగారు కుర్చీలో ఇంకాస్త వెనక్కి జరిగింది. "నా పేరుంది, పుట్టిన సంవత్సరముంది, ఇదిగో నా మసక కన్నుంది. పక్కింటివాళ్ల నంబరు ఇస్తేగానీ నేను మనిషిని కాకపోతే, ఆ తప్పు నాది కాదు. దిద్దేదాకా లేవను. ఎవర్ని పిలుచుకుంటావో పిలుచుకో!"

"పెద్దావిడా, మాకూ పనులున్నాయి" అని వెనక వరుసలో ఎవరో విసుక్కున్నారు. ఆమె తలైనా తిప్పలేదు. కోడలు వెళ్లి ఆ కుర్చీ వెనక నిలబడి, "నేనూ కదలను" అంది.

అమ్మాయి కాసేపు ఆలోచించింది. ఫోను నంబరు, పేరు, పుట్టిన సంవత్సరం, మూడూ కలిస్తేనే పాతమనిషిగా లెక్కేయమని మార్చి, అదే జాబితా మళ్లీ ఎక్కించింది. ముందే ఉన్నవాళ్లెవరూ రెండోసారి చేరలేదు. అత్తగారి పేరు చేరింది. దాని కింద ఇంకొకటి, ఇంకొకటి. తెర నిండిపోయింది. దాదాపు అందరూ వయసు మళ్లిన ఆడవాళ్లే. కొడుకు నంబరో అల్లుడి నంబరో ఇచ్చి, పేరు లేదనగానే సరేనని ఇంటికి వెళ్లిపోయినవాళ్లు.

అత్తగారికి ఆ అక్షరాలు ఆనవు కాబట్టి కోడలే చదివి చెప్పింది.

"అయితే ఇంకా చూస్తావేంటి తల్లీ? ఫోన్లు చెయ్యి" అంది అత్తగారు కంప్యూటరమ్మాయితో. "కొడుకెత్తితే సంగతి వాడికి చెప్పి ఊరుకోకు. వాళ్లమ్మని పిలవమను. ఆవిడ వచ్చి మాట్లాడేదాకా పెట్టెయ్యకు."