నీలం తీగ చుట్టిన పార

వ్యవసాయ ఆఫీసు గోడ మీద ఆసామి ఫోటో నిలువెత్తున వేలాడుతోంది. తలకు తుండు, మోకాళ్ళ పైకి పంచె, చేతిలో పార. కింద "ఉత్తమ రైతు" అని అచ్చువేశారు.

చూసి, ఆయన పొలం కౌలుకు చేసే మొండక్కకు ఒళ్ళు మండింది. ఆ పార ఆమెది. పిడి చీలితే నీలం తీగ చుట్టింది ఆమే. పోయినేడు సర్కారు ఫోటోవాళ్ళు వచ్చినప్పుడు ఆసామి పారను తిరగేసి పట్టుకుంటే, "అట్లా కాదండీ, ఇట్లా" అని నేర్పిందీ ఆమే. తన పార ఫోటోలో పడిందని ఆ రోజంతా మురిసింది కూడా. బుద్ధి గడ్డి తిని.

"సాయం సొమ్ము రైతులకేనమ్మా," అన్నాడు గుమాస్తా తలెత్తకుండా. "నీ పేర భూమి కాగితం లేదుగా."

"పదేళ్ళుగా కౌలు చేస్తున్నా. వడగళ్ళకు పైరంతా పోయింది. మళ్ళీ విత్తనం వెయ్యకపోతే ఆసామి పొలం లాగేసుకుంటాడు. నా చేతులు చూడండి."

"చేతులు ఫైల్లో పట్టవు. వెళ్ళు."

ఆ సాయంత్రం కాలవగట్టు మీద కౌలుదారులంతా కూడారు.

"వడగళ్ళు మన నెత్తిన, సాయం ఆయన ఒళ్ళో," అంది మొండక్క. "సాయం రాసుకోవడానికి రేపు మళ్ళీ ఆయన ఫోటోకు వస్తున్నారు. తియ్యనివ్వద్దు."

"నీళ్ళలో ఉండి మొసలితో పగా?" అన్నాడు ఆమె మామ.

"ఆ మొసలికి ఈత నేర్పింది మనమే మామా."

"నేర్పింది నువ్వు. మధ్యలో మమ్మల్ని కలుపుతావేం?" అంది తోడికోడలు. అందరూ గొల్లుమన్నారు.

"నేనే నేర్పానే. ఒక్కదాన్నే అడ్డుపడితే జుట్టు పట్టి ఈడుస్తారు. నలభైమందినైతే ఎన్ని చేతులతో ఈడుస్తారు?"

నవ్వు ఆగిపోయింది. మామ మోకాలు పట్టుకుని లేచాడు. "నా పార ఎక్కడ పెట్టావే కోడలా?"

పొద్దున్నే ఆసామి ఇస్త్రీ పంచెతో పొలంలో దిగాడు. "పార ఇలా తేవే."

"ఇవ్వను."

గట్ల మీంచి నలభై పారలు దిగాయి. ఫోటో అధికారి ఫోన్ ఎటు తిప్పినా జనమే.

"రైతు ఒక్కరే ఉండాలి!" అని అరిచాడాయన.

"ఎవరినైనా తియ్యండి, రైతే. ఆయన్ని తప్ప!" అంది మొండక్క.

గంటలో పోలీసు జీపు వచ్చింది. ఆసామిని మారణాయుధంతో బెదిరించిందని మొండక్కను, పారను ఎక్కించుకుపోయారు. వెనకాలే మిగతావాళ్ళు నడిచివచ్చి స్టేషన్ మెట్ల మీద పారలు దబదబా పడేశారు. "మావీ రాసుకోండి!"

ఆయుధం పట్టుకున్న ముద్దాయికి ఫోటో తియ్యాలట. ఒక్కొక్కరినే గోడకు నిలబెట్టి, ఎవరి పార వాళ్ళ చేతికిచ్చి తీశారు. మొండక్క నీలం తీగ కనబడేలా పట్టుకుంది.

"వృత్తి?" అన్నాడు రాసుకుంటున్న పోలీసు.

"రైతు."

"కూలి అని రాయవయ్యా," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"అట్లా రాస్తే ఒక్కరమూ వేలిముద్ర వెయ్యం," అన్నాడు మామ. నలభై పిడికిళ్ళు బిగుసుకున్నాయి. ఎంతకీ విప్పలేదు. చివరికి పోలీసు విసుక్కుంటూ రైతు, రైతు అని నలభైసార్లు రాశాడు.

"నకలివ్వండి," అంది మొండక్క.

"నీకెందుకు?"

"చేతులు ఫైల్లో పట్టవన్నారు. ఇది పడుతుందేమో చూస్తాం."

లాకప్‌లో అందరికీ చోటు చాలలేదు. మొండక్కను లోపలే ఉంచి, సగంమందిని చేతికో నకలిచ్చి బయటికి నెట్టారు. ఒక్కరూ ఇంటిదారి పట్టలేదు. తోడికోడలు ముందు నడిచింది. కేసు కాగితాలు ఎత్తిపట్టుకుని అందరూ వ్యవసాయ ఆఫీసు మీదికి కదిలారు.