ఇన్వర్టర్‌కి గౌను

లేదా ఆ మోత కోపం కాదేమో, ఉక్కపోతేమో. మనుషులకీ అంతేగా, లోపల ఉడికిపోతుంటే బయటికి అరుపులాగే వినిపిస్తుంది. హాలు గోడమీద గుయ్యిమంటున్న సోలార్ ఇన్వర్టర్ మీద తనకింత జాలేమిటా అని కీర్తికి నవ్వొచ్చింది. పొద్దుటినుంచీ దానిలోపలి ఫ్యాను మోతకి తల తేలికైపోయి, అన్నిటికీ నవ్వొస్తోంది.

ఇన్వర్టర్‌కి గౌను తొడిగింది అత్తగారు సత్యవతమ్మ. ఈ ఇంట్లో టీవీకి, ఫ్రిజ్‌కి, మిక్సీకి కూడా ఆవిడ కుట్టిన గౌన్లున్నాయి. దీనిది గులాబీ రంగు శాటిన్, అంచున కుచ్చులు, పక్కన రిబ్బను ముడి. మోతగా ఉందని లోపల బొంతగుడ్డ లైనింగు వేశారు. మోత పెరిగింది. ఇంకో బొంత వేశారు. ఇంకా పెరిగింది.

దాన్ని బిగించిన రోజే, కనకాలపేట నుంచి వచ్చిన మెకానిక్ జేవియర్ చెప్పాడు, దీనిచుట్టూ గాలాడాలి, ఏదైనా కప్పితే వేడెక్కి ఆగిపోతుందని. అప్పుడింట్లో ఉన్నది కీర్తి ఒక్కతే. ఆ మాట ఇప్పటిదాకా ఆమె నోరు దాటలేదు.

ఎందుకంటే కాపురానికొచ్చాక అత్తగారు ఏమన్నా ఆమె ఔననడమే, "ఆయ్." కూరలో ఉప్పెక్కువైందా అంటే ఆయ్. తక్కువైందా అన్నా ఆయ్. జడలో పువ్వులు తురిమి "మా పిల్ల" అనే ఆ మనిషికి ఒక్కసారి కాదని చెబితే, ఆ పిలుపు పోతుందేమో. ఎంత పిచ్చి భయమో తనకి తెలుసు. తెలిసినంత మాత్రాన భయం లేచిపోతుందా, అదీ ఈ ఇంటిదే అన్నట్టు కూర్చుంటుంది.

సత్యవతమ్మ పాత రగ్గు పట్టుకొచ్చారు.

"అమ్మాయ్, ఇంకా గోలెట్టేస్తందే. మీ మావయ్యగారి గురక నయం. ఇది కూడా కప్పేద్దామా?"

కీర్తి పెదవి కొరుక్కుంది. నవ్వు బొడ్డు దగ్గర మొదలై పైకి పాకుతోంది.

"ఏంటే ఆ నవ్వు?"

"ఏం లేదండీ."

"ఏం లేకుండా పిచ్చోళ్ళే నవ్వుతారు."

"ఆయ్."

అంతలో ఇన్వర్టర్ కీచుమని కూసింది. గౌను కింద నుంచి ఎర్ర లైటు వెలిగి ఆరుతోంది. కీర్తి లేచి చెయ్యి పెట్టి చూసింది. శాటిన్ మీద నుంచే ఇస్త్రీపెట్టెలా కాలింది.

సత్యవతమ్మ కళ్ళజోడు సర్దుకున్నారు. "ఎర్రగా అయిపోయిందే. చలేసిందంటావా?"

కీర్తి పగలబడి నవ్వింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, గోడ పట్టుకోవాల్సొచ్చింది. ఆ నవ్వులోంచే మాట జారింది.

"కాదండీ."

"ఏం కాదు?"

చెబితే చాలా చెప్పాలి. కీర్తి స్టూలు లాక్కుని ఎక్కింది. అది ఒకవైపు ఒరిగింది.

"పడతావే మా తల్లీ, ఉండు," అని సత్యవతమ్మ రగ్గు కింద పడేసి స్టూలు గట్టిగా పట్టుకున్నారు.

కీర్తి రిబ్బను ముడి లాగింది.