ముందు ఎవరిని పంపాలె

భూమవ్వ చుట్టిన బీడీలకు వంక పెట్టినవాళ్లు లేరు. ఆకు ఎండిపోయినా, తంబాకు నాసిరకం వచ్చినా, ఆమె చేతిలో పడితే బీడీ బిగువుగా, తీరుగా తయారయ్యేది. అలాంటి భూమవ్వ కట్టలను ఆ శనివారం కార్ఖానాలో ఆత్మారాం ఒక్కొక్కటే విప్పి, నలిపి, పక్కనున్న తొట్టిలో పారేశాడు.

కార్ఖానా యజమాని అయిన తండ్రికి మోకాళ్లు పట్టేసినప్పటి నుంచి అక్కడ బీడీలు చూసి తీసుకునే పని ఆత్మారాందే. వయసు చిన్నదే గానీ ఆడవాళ్లంతా సేటు అనే పిలవాలి.

"ఏం తప్పున్నది సేటూ?"

"మూతి సక్కగ మలవలే."

"ఎప్పటి లెక్కనే మలిసిన గద."

"ఎప్పటి లెక్క ఇప్పుడు నడువది భూమవ్వా. కెప్టెన్ తల్లివైతివి. గంత పెద్దదానికి బీడీలెందుకు?"

వెనక వరుసలో ఆడవాళ్లు నవ్వారు. సేటు నవ్వాడు కాబట్టి నవ్వారు. భూమవ్వ తర్వాత సత్తవ్వ చాట దించింది. ఆమె కట్టలూ తొట్టిలోకే పోయాయి. అప్పటితో నవ్వు ఆగింది.

దారిలో సత్తవ్వ చెబితే గానీ భూమవ్వకు సంగతి తెలియలేదు. నిజామాబాద్ బస్టాండు వెనక రామ్‌దాస్ నెట్ సెంటర్ పెట్టాడు. అక్కడ పోరగాళ్లు కంప్యూటర్లలో తుపాకుల ఆట ఆడతారు. ఇటు ఐదుగురు, అటు ఐదుగురు. ఇన్నాళ్లూ జట్టుకు ఆత్మారామే కెప్టెన్. బోధన్ పోరగాళ్లతో పోటీ ఒప్పుకున్నాక, జట్టులో ముగ్గురు కూడబలుక్కుని భూమవ్వ కొడుకు రాజారాం కెప్టెన్ కావాలన్నారు. ఆ ముగ్గురిలో సత్తవ్వ కొడుకు ఒకడు.

"నా కొడుకు సెయ్యెత్తిండు, నా బీడీలు పోయినయి" అంది సత్తవ్వ. "మిగిలిన ఇద్దరి ఇండ్లల్ల గూడ గీ కార్ఖానా బీడీలే. నీ కొడుక్కు నువ్వు చెప్తవా, మా అందరి పొయ్యిలార్పుతవా?"

"ఆటకు, బీడీకి ఏం సంబంధమే?"

"నన్నడుగుతవేంది? పొయ్యి సేటునడుగు."

మర్నాడు భూమవ్వ నెట్ సెంటర్‌కు పోయింది. కొడుకును పిలుచుకొద్దామనే పోయింది గానీ, గుమ్మంలో అడుగు పెట్టగానే వాడి గొంతు విని ఆగింది. ఇంట్లో ఉప్పు కావాలన్నా నోరు తెరిచి అడగని పోరడు. ఇక్కడ చెవులకు ఏవో తగిలించుకుని, మెల్లగా, తొందర లేకుండా చెబుతున్నాడు. "నువ్వు తలుపు కాడనే ఉండు. భయమైతే ఎనకకు రా, నేనున్న. నువ్వు సప్పుడు చెయ్యకు."

రామ్‌దాస్ ఆమెకు స్టూలు వేశాడు.

"సూడక్కా. సత్తవ్వ కొడుకు కాడ తుపాకీ లేదు. మనోడు తనది కింద పడేసి వానికిచ్చి, చిన్న పిస్తోలు పట్టుకొని పోతుండు."

"మరి వీడు చావడా?"

"సస్తడు. మళ్ల బతుకుతరు గనీ."

నిజంగానే చచ్చాడు. సత్తవ్వ కొడుకు తుపాకీ పట్టుకుని కూడా తప్పు దారిలో పోయి ఆట పోగొట్టాడు. తిడతాడని భూమవ్వ ఎదురు చూసింది. రాజారాం తిట్టలేదు. "నేను సరిగ చెప్పలే. మళ్ల ఆడుదాం" అన్నాడు. సత్తవ్వ కొడుకు తల వంచుకుని, తర్వాతి ఆటలో చెప్పిన చోటు నుంచి కదలలేదు. ఆ ఆట గెలిచారు.

"గిసొంటోడు మా సెంటర్ల ఇంకోడు లేడక్కా" అన్నాడు రామ్‌దాస్. "ఓడినంక ఎట్ల మాట్లాడుతడో సూడాలె కెప్టెన్‌ను. గెలిసినప్పుడు అందరు మంచోళ్లే."

భూమవ్వకు కడుపు నిండినట్టయింది. భర్త పోయాక ఆ ఇంట్లో ఒకరికి ఒకరు చెప్పేంత పెద్ద మాటలేవీ మిగల్లేదు. ఈ పోరడు ఇవన్నీ ఎక్కడ నేర్చాడో.

అప్పుడు చూసింది, గోడ పక్క కంప్యూటర్ దగ్గర ఆత్మారాం కుర్చీ వెనక్కి తిప్పుకుని తనవైపే చూస్తున్నాడు. బీడీ మూతి మలిచినట్టు రెండు వేళ్లు కలిపి తిప్పాడు, అంతే.

భూమవ్వ లేచి కాలి చెప్పు తీసింది. రాజారాం చెవుల మీదివి ఊడదీసి, వీపు మీద, మెడ మీద, ఎక్కడ తగిలితే అక్కడ కొట్టింది.

"అవ్వా, ఏమైంది? చెప్పు అవ్వా."

"నలుగురికి హుకుం చేసే మొనగానివైనవారా? అన్నం కలుపుకోను రాదు నీకు. లే. సేటు కాళ్లు మొక్కు. నాకొద్దు కెప్టెన్ గిరి అను."

రాజారాం తల్లి ముఖంలోకి చూశాడు. జట్టులో ఒక్కడైనా మాట్లాడతాడేమోనని అటు కూడా చూశాడు. సత్తవ్వ కొడుకు తెర వైపు తిరిగి కూర్చున్నాడు. రాజారాం వంగి మొక్కాడు.

"అయ్యో, ఎందుకు భూమవ్వా, మేమంత దోస్తులమే" అన్నాడు ఆత్మారాం. కాలు మాత్రం వెనక్కి తీసుకోలేదు.

తర్వాతి శనివారం భూమవ్వ కట్టలను ఆత్మారాం విప్పనైనా లేదు. వరుసగా బుట్టలో వేయించాడు. సత్తవ్వవీ అంతే.

"పోటీకి రా భూమవ్వా" అన్నాడు. "నీ కొడుకు ఆట సూద్దువు."

పిలిచినప్పుడు పోకపోతే ఏమవుతుందో ఆమెకు తెలుసు. పోయింది. బోధన్ నుంచి షుగర్ ఫ్యాక్టరీ కాలనీ పోరగాళ్లు జీపులో వచ్చారు. సెంటర్ కిటకిటలాడుతోంది. ఆట మొదలుకాగానే ఆత్మారాం ఒకటే మాట అన్నాడు. "రాజారాం, నువ్వు ముందు పో."

రాజారాం ముందు పోయాడు. ఎదుటివాళ్లు ఎక్కడ దాక్కున్నారో వాడిని కాల్చినప్పుడు బయటపడింది. వెనకున్నవాళ్లు వాళ్లను కాల్చారు. రెండో ఆటలో మళ్లీ, "నువ్వు ముందు పో." మూడోదానిలోనూ. వాడికి తుపాకీ కూడా అక్కర్లేదన్నాడు ఆత్మారాం, వట్టి చేతులతో పొమ్మన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లకు అది తమాషాగా తోచి, రాజారాం పోయేటప్పుడల్లా ఈలలు వేయడం మొదలుపెట్టారు. "పోయిండు, మళ్ల పోయిండు."

గెలిచింది నిజామాబాదే. ఆత్మారాం కప్పు ఎత్తి పట్టుకుని అందరికీ వినబడేట్టు అన్నాడు, "ఎవన్ని పోగొట్టుకున్నా ఫరక్ పడదో కెప్టెన్‌కు ఎరుకుండాలె."

అందరూ చప్పట్లు కొట్టారు. భూమవ్వ కూడా కొట్టింది. తాను కొడుతున్నానని చేతులు మండాక తెలిసింది. రాజారాం ఆమె చేతులవైపే చూస్తున్నాడు.

ఇంటికొచ్చి దేవుడి గూట్లో దీపం ముట్టించి, ఆంజనేయుడి పటం ముందు చాలాసేపు కూర్చుంది. ప్రతి శనివారం ఉపవాసం ఉండే మనిషి. దేవుణ్ణి ఎదురు ప్రశ్న అడిగిన మనిషి కాదు. ఆ రోజు అడిగింది.

"రాముడు నిన్నే లంకకు ముందుగాల పంపిండు గదా సామీ. పోయి రా అని పంపిండా, పోతే పోయినవ్ అని పంపిండా?"

గెలిచారు కదా, గెలిపించినవాడే మంచి కెప్టెన్ కదా అని లోకం అంటుంది. రామ్‌దాస్ చెప్పింది అది కాదు. ఎవరి మాట నిజమో తేల్చేంత చదువు ఆమెకు లేదు.

కొన్నాళ్లకు రామ్‌దాస్ ఇంటికే వచ్చాడు. భూమవ్వ వాకిట్లో ఆకు కత్తిరిస్తోంది. లోపల రాజారాం కట్టలకు దారం చుడుతున్నాడు. నెట్ సెంటర్‌కు పోవడం మానేశాడు.

"అక్కా, బోధనోళ్లు అడుగుతున్నరు" అన్నాడు రామ్‌దాస్. "ఆ పొద్దు వట్టి సేతులతోని పోయిన పోరడు ఎవడని. వాని నడక సూసి, వీడే ఆట తెలిసినోడన్నరు. వాళ్ల జట్టుకు కెప్టెన్ కావాలంట. హైదరాబాదు పోటీలకు పోతరు. ఇక్కడ ఎవ్వనికి తెల్వకుంట ఆ ఊరి నుంచే ఆడొచ్చు."

కత్తెర ఆగింది. వీధి చివర కార్ఖానా రేకుల కప్పు కనిపిస్తోంది. తెలియకుండా ఉండే సంగతులు ఈ ఊళ్లో ఎన్నున్నాయో భూమవ్వ ఆలోచించింది. సత్తవ్వ కొడుకు ఊరుకుంటాడా, ఊరుకున్నా సత్తవ్వ ఊరుకుంటుందా అని ఆలోచించింది.

"వానికి చాతకాదు తమ్మీ" అంది.

"అట్లంటవేందక్కా? నువ్వు సూసినవ్ గదా."

"సూసిన. వాడు ఇంకొకరు చెప్తె ఉరికెటోడు. నలుగురికి చెప్పెటోడు కాదు."

రామ్‌దాస్ ఆమెను వదిలి గుమ్మంలోంచి లోపలికి వంగాడు. "నువ్వు చెప్పురా రాజారాం."

రాజారాం ముడి బిగించి, మిగిలిన దారం పంటితో తెంపి, కట్టను పక్కన పెట్టాడు.

"అవ్వ చెప్పింది గదనే రామ్‌దాసన్నా. నాకు చాతకాదు."

ఆ గొంతులో కోపం ఉంటుందని భూమవ్వ చెవి ఒగ్గింది. ఉంటే బాగుండును అనుకుంది. రాజారాం ఇంకో కట్ట చేతిలోకి తీసుకుని, దారం ఎంత పొడుగు తెంపాలని ఆమెనే అడిగాడు.