రెండు నిమిషాల రీస్టార్ట్

నలభై ట్యాబ్లెట్లలో ముప్పైతొమ్మిది బుద్ధిగా మాట విన్నాయి. నలభయ్యోది మొండికేసింది.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని గాజుపెట్టెల్లో ఉంచే వార్డది. తల్లులు ఇంట్లోంచే చూసుకోవడానికి ఆసుపత్రి తలా ఒక ట్యాబ్లెట్ ఇచ్చింది. ఆ వీడియోలన్నీ ఇవాళ పదకొండింటికి కొత్త క్లౌడ్‌కి మారతాయి. కొత్త సర్వర్‌ని నమ్మవచ్చని చెప్పే రూట్ సర్టిఫికెట్ ట్యాబ్లెట్లన్నిటికీ వారం కిందటే చేరింది. కాకపోతే ఒకసారి రీస్టార్ట్ అయితేనే అది పనిచేస్తుంది. ఖాళీగా ఉన్నప్పుడు వాటంతటవే అవుతాయిలే అనుకుంది ఇంజనీరమ్మ. బిడ్డను చూసుకునే తల్లికి ఖాళీ ఎక్కడిది? ఆ మాత్రం తట్టలేదు మహాతల్లికి!

పావు తక్కువ పదకొండుకి ఆ నలభయ్యో ట్యాబ్లెట్ తల్లికి ఫోన్ చేసింది.

“ఒక్క రెండు నిమిషాలు ఆపి, మళ్లీ పెట్టండమ్మా.”

“ఆపను మేడమ్. మొన్న స్నానానికెళ్తూ ఆపాను. ఆ కాసేపట్లోనే వాడికి ఊపిరి ఆగిందట. నర్సమ్మ తట్టి లేపింది. అప్పట్నుంచీ ఆపలేదు.”

“ఆపకపోతే పదకొండు తర్వాత అసలు కనబడడు!”

అవతల ఏడుపు. ఇంజనీరమ్మకి తల కొట్టేసినట్టయింది.

“ఏడవకండి. నేను వార్డుకెళ్తాను. మీరు చూడని ఆ కాసేపూ నేను కన్నార్పను. సరేనా?”

మూడంతస్తులు గబగబా దిగింది. చేతులు కడుక్కుని, గౌను తొడుక్కుని, నర్సు చూపించిన పెట్టె మీదికి వంగింది. వార్డంతా గుప్పెడని పిలిచే ఆ పిల్లాడు నిజంగానే గుప్పెడున్నాడు. గోడ గడియారంలో పదకొండుకి రెండే నిమిషాలు.

“ఇప్పుడు ఆపండమ్మా.”

“ఆపాను. ఏం చేస్తున్నాడు?”

“నిద్రపోతున్నాడు.”

“అది కాదక్కా, ఊపిరి!”

మేడమ్ పోయి అక్క వచ్చేసింది. ఇంజనీరమ్మ ఆ బుల్లి పొట్టనే చూస్తూ లెక్కపెట్టసాగింది. “ఒకటి... రెండు... మూడు...”

యాభై దగ్గర ఆవలించాడు. అదీ చెప్పింది. డెబ్భై దగ్గర పొట్ట కదల్లేదు. నర్సు అప్పటికే పక్కకొచ్చి చెయ్యి చాపింది.

“అక్కా? అక్కా!”

“డెబ్భై ఒకటి,” అంది ఇంజనీరమ్మ, పొట్ట మళ్లీ కదలగానే. “ఉన్నాడమ్మా, బంగారంలా ఉన్నాడు. డెబ్భై రెండు...”

గడియారం పదకొండు దాటింది. ఆమె చూడనే లేదు. నూట ఐదు. నూట ఆరు.

“వచ్చాడక్కా! కనబడుతున్నాడు!”

“నూట ఏడు... నూట ఎనిమిది...”

“చాల్లే అక్కా, ఇక నేను చూసుకుంటా. నువ్వూ కనబడుతున్నావు. ముందా కళ్లు తుడుచుకో.”